తగ్గిపోయిందిగా, ఇంకేం?

క్యాన్సర్ వైద్యం పూర్తయి ఇంటికొచ్చిన మనిషితో ఎవరెవరు ఏమంటారో నాకు కంఠతా వచ్చు. బంధువులు ‘తగ్గిపోయిందిగా, ఇంకేం?’ అంటారు. డాక్టరుగారు ఫైలు మీదనుంచి తలెత్తకుండా ‘అంతా బాగుందమ్మా, ఆరునెలలయ్యాక రండి’ అంటారు. అక్టోబరు నెల వచ్చిందంటే గులాబీ రిబ్బను గుచ్చేవాళ్ళు ‘మీరు చాలా ధైర్యవంతులండీ’ అని పక్కన నిలబడి ఫొటో దిగుతారు. బీమా ఏజెంటు ‘మేడమ్, పైవాళ్ళతో మాట్లాడి చెప్తాను’ అంటాడు, ఆ తరవాత ఫోను ఎత్తడు. మళ్ళీ వస్తుందేమోనని భయంగా ఉంటోందా అని మాత్రం ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. మనమే నోరు తెరిచి ఆ మాట అంటే ‘ఛ, అలా అనకు, తథాస్తు దేవతలుంటారు’ అని నోరు మూయిస్తారు. దేవతల సంగతేమో గానీ మనుషులెవరూ వినడానికి సిద్ధంగా లేరు.

నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చి, వైద్యం జరిగి కొన్నేళ్ళయింది. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. కణం రెండుగా ఎలా చీలుతుందో ఏటేటా బోర్డు మీద రంగు సుద్దలతో బొమ్మ వేసి చూపించినదాన్ని. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. చేసిన వైద్యుల మీద నాకు గౌరవం ఉంది. వాళ్ళ పనితనం వల్లే ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. నా కోపమంతా ఆ తరవాతి సంగతి మీద. ఆఖరి రేడియేషన్ అయిన రోజున ఒక డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టారు. చేసిన వైద్యం, వాడాల్సిన మాత్ర, మళ్ళీ రావాల్సిన తేదీ అందులో ఉన్నాయి. ఇకమీదట ఒంట్లో ఏ నొప్పికి పరిగెత్తుకు రావాలో, ఏ నొప్పిని పట్టించుకోనక్కర్లేదో ఒక్క ముక్క లేదు. అప్పటిదాకా నా రక్తంలో తెల్లకణాలు ఎన్నున్నాయో కూడా లెక్కపెట్టినవాళ్ళు, ఆ రోజునుంచి నన్ను పూర్తిగా నాకే వదిలేశారు.

ముందు ఈ నొప్పుల సంగతి చెప్పనివ్వండి. ఎవరికీ పట్టనిది ఇదే. ముట్లాగిన ఆడవాళ్ళకి, హార్మోను మీద ఆధారపడి పెరిగే రకం రొమ్ము క్యాన్సరయితే, లెట్రోజోల్ లాంటి మాత్ర ఐదేళ్ళో అంతకు మించో వాడమంటారు. ఒంట్లో ఈస్ట్రోజెన్‌ని దాదాపు లేకుండా చేయడం దాని పని. మంచి మందే, జబ్బు తిరగబెట్టే అవకాశాన్ని అది నిజంగా తగ్గిస్తుంది. కానీ ఈస్ట్రోజెన్ తగ్గేసరికి కీళ్ళు పట్టేస్తాయి. పొద్దున్నే వేళ్ళు ముడవడానికి రావు. మోకాళ్ళు, నడుము సలుపుతాయి. ఎముకలు పలచబడతాయి. ఇప్పుడు రెండో సంగతి వినండి. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టి దూరానికి పాకితే అన్నిటికంటే ఎక్కువగా చేరే చోటు ఎముకలే. అంటే, జబ్బు రాకుండా కాపాడే మాత్ర, జబ్బు వస్తే ఎక్కడ నొప్పి పుడుతుందో సరిగ్గా అక్కడే నొప్పి పుట్టిస్తుంది. రోజూ రాత్రి ఆ మాత్ర మింగడం, రోజూ పొద్దున మంచం దిగుతూ ఈ నడుంనొప్పి మాత్రదా, వయసుదా, లేక అదా అని తేల్చుకోవడం. ‘అది’ అనే అంటాం మేం. పేరు పెట్టి పిలవడానికి నోరు రాదు.

అడిగితే ‘అవి మామూలేనమ్మా’ అన్నారు. ఏవి మామూలు? రెండు వైపులా, వేళ్ళకీ మోకాళ్ళకీ పట్టేసినట్టుండి, కాస్త అటూ ఇటూ తిరిగితే సర్దుకునే నొప్పి చాలావరకు మాత్ర వల్ల వచ్చేది. ఒకేచోట పాతుకుపోయి, వారాలు గడిచేకొద్దీ పెరిగి, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పయితే తేదీ కోసం ఆగకుండా రావాలి. ఈ రెండు వాక్యాలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? మీరిప్పుడు చదివినంతసేపు. ఆసుపత్రిలో ఎవరూ నాకివి చెప్పలేదు. విదేశాల్లో వైద్య సంఘాలు రోగుల కోసం రాసిపెట్టిన కాగితాలు వెతికి ఏరుకున్నాను. ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఏరుకున్నాను. రానివాళ్ళు ఏమవుతున్నారో తరవాత చెప్తాను.

ఇంకా ముట్లాగని ఆడపిల్లలకైతే టమాక్సిఫెన్. ఒంట్లోంచి ఆవిర్లు, చెమటలు, నిద్ర పట్టని రాత్రులు. దానివల్ల గర్భసంచి లోపలి పొర మందమయ్యే అవకాశముంది, కాబట్టి వేళ కాని వేళ రక్తం కనపడితే చెప్పాలి. ఇదీ ఎవరో చెప్తే తెలియాల్సిందే. ఐదేళ్ళు వాడి ఆపేయడమా, ఇంకో ఐదేళ్ళు పొడిగించడమా అనేది మరో పెద్ద ప్రశ్న. పదేళ్ళు వాడినవాళ్ళలో తిరగబెట్టడం ఇంకాస్త తగ్గిందని 2012 చివర్లో అట్లాస్ అనే పెద్ద ప్రయోగం తేల్చింది. పొడిగిస్తే వచ్చే చెడూ ఉంది. రెండూ ముందు పెట్టి ఆ అమ్మాయితో కూర్చుని మాట్లాడి నిర్ణయించాలి. మాట్లాడడమా! ‘ఐదేళ్ళయిందిగా, ఆపేయండి’ అని ఒక గీత గీస్తారు. ఆ సాయంత్రం ఇంట్లో పాయసం వండుతారు. ఆ పిల్లేమో ఇన్నాళ్ళూ తనకూ జబ్బుకూ మధ్య ఉన్న ఒక్క గోడా కూలగొట్టారని వణికిపోతుంటుంది.

‘ఇదంతా మీ ఊహ’ అనేవాళ్ళ కోసం కొన్ని అంకెలు. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లెక్క వచ్చింది. 88 ప్రయోగాల్లో పాల్గొని, ఐదేళ్ళు హార్మోను మందు వాడి, ఐదేళ్ళ నాటికి జబ్బు లేకుండా ఉన్న 62,923 మంది ఆడవాళ్ళ వివరాలు కలిపి చూశారు. ఆ తరవాత కూడా, ఇరవయ్యో ఏడు దాకా, జబ్బు దూరపు అవయవాల్లో తిరగబెడుతూనే ఉంది. చిన్న గడ్డ, చంకలో గ్రంథులకు పాకనివాళ్ళలో నూటికి 13 మందికి. కాస్త పెద్ద గడ్డ, నాలుగు నుంచి తొమ్మిది గ్రంథులకు పాకినవాళ్ళలో నూటికి 41 మందికి. వీళ్ళంతా చాలావరకు పాతకాలపు వైద్యం అందుకున్నవాళ్ళు; ఇవాళ్టి మందులతో అంకెలు మెరుగ్గా ఉంటాయని ఆ రాసినవాళ్ళే అన్నారు. అయినా సరే, ఐదేళ్ళు దాటాక భయపడే మనిషికి పిచ్చి లేదని ఈ లెక్క చెప్తోంది. చెప్తున్నది ఇంకోటి కూడా ఉంది: ఆ మొదటి రకంలో 87 మందికి రాలేదు. నాకు పదమూడూ చెప్పలేదు, ఎనభయ్యేడూ చెప్పలేదు. నా కణితి కొలత, గ్రంథుల సంఖ్య నా ఫైల్లోనే ఉన్నాయి. అవి చూసి ‘మీరు ఈ వరుసలో ఉన్నారమ్మా’ అని చెప్పడానికి గొప్ప యంత్రాలేమీ అక్కర్లేదు. అంకె తెలియని భయానికి హద్దుండదు. చీకట్లో అది నూటికి నూరై కూర్చుంటుంది.

ఇక తనిఖీల రోజులు. మామోగ్రామ్ తేదీ దగ్గరపడే వారం ఇంట్లో నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడను, కూరలో ఉప్పు రెండుసార్లు పడుతుంది. పరీక్ష అయిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి ఫోను టింగుమంటుంది: మీ రిపోర్టు సిద్ధం. డాక్టరు చూసేది ఎల్లుండి. ఈలోగా ఆ పీడీఎఫ్‌తో నేనొక్కదాన్నే. ‘సెంటీమీటరుకు లోపు చిన్న నాడ్యూలు, బహుశా ప్రమాదం లేనిది, క్లినికల్‌గా సరిచూసుకోవాలి’ అన్న అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. రాసిన రేడియాలజిస్టుకి అది జాగ్రత్త కోసం రాసే మామూలు వాక్యం. చదివే మనిషికి ఆ రెండు రాత్రులూ శివరాత్రులే. నాకైతే ఆ ‘బహుశా’ దగ్గర గుండె ఆగింది. ఇంగ్లీషు రాని ఆడవాళ్ళు ఏం చేస్తారో తెలుసా? మెడికల్ షాపు కుర్రాడికి చూపించి చదివించుకుంటారు. మందుల బేరాలు చూసుకుంటూ ఆ కుర్రాడు ఒక మనిషి బతుకును పైపైన చదివి, ‘ఏదో గడ్డ ఉందంటున్నాడండీ’ అని చెప్పి పంపిస్తాడు. తెలుగునేల మీద, తెలుగు తప్ప రాని మనిషి రొమ్ము గురించిన కాగితం ఆమెకు తెలుగులో ఇవ్వాలని ఎవరికీ తోచదు. కరెంటు బిల్లు తెలుగులో ఇవ్వగలిగినవాళ్ళమే కదా మనం.

ఓపీ రోజున ఇచ్ఛాపురం నుంచి అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికీ, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్ ఆసుపత్రికీ, మా పల్నాడు పల్లెలనుంచి ఎక్కడెక్కడికో రాత్రి బళ్ళెక్కి వస్తారు జనం. ఒక విచిత్రం చెప్పాలి. క్యాన్సర్ రోగికి రైల్వేవాళ్ళు స్లీపర్ క్లాసులో పూర్తి రాయితీ ఇస్తారు. వైద్యానికి వెళ్ళడానికే కాదు, ఆ తరవాత విడతలవారీ పరీక్షలకు వెళ్ళడానికి కూడా. పక్కన తోడొచ్చే మనిషికీ రాయితీ ఉంది. వైద్యం అయిపోయినా ఈ మనిషి తిరుగుతూనే ఉంటుంది, ఒక్కతే రాలేదు, పక్కన ఒకరుండాలి అని టిక్కెట్లు అమ్మే శాఖకు తెలిసింది. బండి దిగి ఆసుపత్రి గేటు దాటాక ఆ మాత్రం ఎరుక కూడా కనపడదు.

నేను వెళ్ళే చోట బిల్లు కట్టే కౌంటర్లు వరసగా ఉంటాయి. వాలెట్ పార్కింగ్ ఉంది. కాఫీ షాపుంది. కూర్చోబెట్టి మాట్లాడే మనిషి కోసం ఒక గది లేదు. నర్సమ్మ బీపీ చూడడానికి ఆపరేషనయిన వైపు చెయ్యే పట్టుకుంటుంది. చంకలో గ్రంథులు తీసేశారు తల్లీ, ఈ చేతికి పట్టీ కట్టొద్దన్నారు అని ప్రతిసారీ నేనే గుర్తు చేయాలి. పేరు పిలుస్తారు. లోపలికెళ్ళి కుర్చీలో సర్దుకునేలోపే ‘అంతా బాగుంది’ అయిపోతుంది. ఆ డాక్టరు ముందు ఇంకా ఎంతమంది ఉన్నారో నాకూ కనపడుతుంది. దేశంలో ఏటా 14 లక్షలమందికి పైగా కొత్తగా ఏదో ఒక క్యాన్సర్ బయటపడుతోంది, డాక్టర్లు చాలరు, నిజమే. నేను డాక్టరు గంటసేపు మాట్లాడాలనడం లేదు. ఆయన మాట్లాడలేకపోతే మాట్లాడే మరో మనిషిని పెట్టండంటున్నాను. శిక్షణ ఇచ్చిన ఒక నర్సు చాలు. కాఫీ షాపు పెట్టినవాళ్ళు అది పెట్టలేరా?

అనకూడదు గానీ అంటాను, ఈ భయాన్ని మాన్పేవాళ్ళు లేరు, అమ్ముకునేవాళ్ళు బోలెడుమంది. లక్షణాలేమీ లేని మనిషికి ఏటేటా పెట్ స్కాన్లు, రక్తంలో ట్యూమర్ మార్కర్లు చేయక్కర్లేదని, రొమ్ము క్యాన్సర్ తరవాత క్రమం తప్పని శారీరక పరీక్ష, ఏడాదికోసారి మామోగ్రామ్ ముఖ్యమని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఎప్పుడో చెప్పింది. ఊరికే చేసే స్కానులు ఆయుష్షు పెంచవు, అనుమానాలు పెంచుతాయి. అయినా హోర్డింగుల మీద ‘ఒళ్ళంతా పరీక్ష, ప్రత్యేక ప్యాకేజీ’. భయపడ్డ మనిషి డబ్బు కట్టేస్తుంది. మార్కరు ఒక పాయింటు పెరిగితే మళ్ళీ పరీక్ష. ఇంకోపక్క లక్ష్మణఫలం ఆకుల పొడి డబ్బాలు, క్షారజలం యంత్రాలు, ఫోనులో ‘క్యాన్సర్ జన్మలో తిరిగి రాదు’ అని అరిచే వీడియోలు. ఇవి కొనేవాళ్ళని చదువుకున్నవాళ్ళు వెక్కిరిస్తారు. వెక్కిరించేముందు ఆలోచించండి: ఆ డబ్బా అమ్మేవాడు ఆమె చెప్పింది అరగంట విన్నాడు. ఆమె కట్టిన డబ్బు చాలావరకు ఆ అరగంటకే.

ఇంట్లోవాళ్ళ సంగతికొస్తే, ప్రేమ లేదనను. కీమోలో జుట్టు రాలినప్పుడు వీధిలో ‘తిరుపతి వెళ్ళొచ్చారా?’ అని అడిగినవాళ్ళందరికీ మా ఆయనే అవునని చెప్పి పంపేవారు. జుట్టు మళ్ళీ వచ్చింది, అదీ ఉంగరాలు తిరిగి వచ్చింది. అంతే, ఇంటిల్లిపాదికీ జబ్బు కథ ముగిసింది. ‘పిల్లకి సంబంధాలు చూస్తున్నాం, ఎక్కడా అనకు’ అన్నారు. పంచదార ముట్టకు అని ఒకరు, పాలు తాగకు అని ఇంకొకరు. అందరూ కలిసి చెప్పే మాట మాత్రం ఒకటే: ‘ధైర్యంగా ఉండు, ధైర్యంగా ఉంటే రాదు’. ఈ మాట మంచిదనుకుంటారు. ఇంతకంటే క్రూరమైనది నేను వినలేదు. ధైర్యంగా ఉంటే రాదంటే, వచ్చినవాళ్ళంతా పిరికివాళ్ళని అర్థం. రేపు నాకు తిరగబెడితే, నడుంనొప్పితో పాటు ‘నువ్వు ఎప్పుడూ దిగులుపడేదానివి, అందుకే’ అనే నింద కూడా మొయ్యాలి. అమెరికాలో తల, మెడ క్యాన్సర్లున్న వెయ్యిమందికి పైగా రోగుల్ని గమనించి 2007లో వేసిన లెక్కలో, ఉత్సాహంగా ఉన్నవాళ్ళు ఎక్కువకాలం బతికారని తేలలేదు. కణాలకు మన మూడ్‌తో పని లేదు. నన్ను ఏడవనివ్వండి, ఏడిస్తే ఏమీ కాదు.

పత్రికలూ ఈ పాపంలో భాగస్తులే. ‘క్యాన్సర్‌ను జయించిన’ అన్న శీర్షిక లేకుండా మా గురించి రాయరు. తారల గెలుపు కథలు కావాలి, నవ్వుతున్న ఫొటో కావాలి. ఆ తారల్లోనే నిజం చెప్పినవాళ్ళున్నారు. హంసానందిని 2021 డిసెంబరులో తన జబ్బు గురించి చెప్తూ, తల్లిని ఇదే జబ్బుకు పోగొట్టుకున్నాననీ, తనలో బీఆర్‌సీఏ1 జన్యువు మార్పు ఉందనీ, కాబట్టి ముందు ముందు మరో క్యాన్సరొచ్చే ముప్పు ఉందనీ దాచకుండా చెప్పింది. శ్రీకాకుళంలో పుట్టిన గౌతమి తన జబ్బు గురించి ఏళ్ళ తరబడి మాట్లాడుతూ, బాధితుల కోసం ఒక సంస్థే పెట్టింది. వాళ్ళు చెప్పిన ముప్పు మాట మనం వదిలేసి, ధైర్యం మాట ఒక్కటే పట్టుకుని అచ్చేశాం.

ఈ భయం లోకానికి కొత్తదనుకుంటే అదీ పొరపాటే. ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అనే అమెరికా డాక్టరు తనకే క్యాన్సరొచ్చాక 1985లో ఒక వ్యాసం రాశాడు. వైద్యం ముగిశాక మొదలయ్యే ఒక దశ ఉందనీ, దాన్ని శాసించేది తిరగబెడుతుందేమోనన్న భయమేననీ అందులో చెప్పాడు. 2005లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్, వైద్యం పూర్తయిన ప్రతి మనిషికీ జరిగిన వైద్యం సారాంశం, ముందు ఏం చూసుకోవాలో చెప్పే పథకం రాతపూర్వకంగా ఇవ్వాలంది. 2017లో ఆస్ట్రేలియాలో 222 మందితో ఒక ప్రయోగం జరిగింది. ఈ భయం కోసమే తయారుచేసిన ఐదు విడతల మాటల వైద్యం, ఊరికే ఒళ్ళు సడలించే వ్యాయామాల కంటే భయాన్ని ఎక్కువ తగ్గించింది. ఐదే విడతలు! 2022లో పదమూడు దేశాల్లో తొమ్మిది వేలమందికి పైగా రోగుల జవాబులు కలిపి చూస్తే, దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఈ భయం నిపుణుల సాయం కావాల్సినంత తీవ్రంగా ఉంది. కొలవడానికి ప్రశ్నాపత్రాలున్నాయి, తగ్గించడానికి పద్ధతులున్నాయి. కోట్లు పోసి కొనాల్సిన యంత్రమేదీ ఇందులో లేదు, బహుశా అందుకే ఎవరికీ ఆసక్తి లేదు. ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరించడానికి వీలుపడదుగా.

మన ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేననను. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, పొలం అమ్ముకోకుండా కీమో చేయించుకున్న కుటుంబాలు నాకు తెలుసు. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితి 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెంచారు. ఆపరేషనుకి ప్యాకేజీ ఉంది, కీమోకి ఉంది, రేడియేషనుకి ఉంది. ఇంత పెద్ద పట్టికలో మా భయానికి ఒక్క వరస ఏదయ్యా అని అడిగితే ఆరోగ్యమిత్ర నావైపు జాలిగా చూశాడు. మానసిక ఆరోగ్యం హక్కు అని 2017లో చట్టం చేశాం. 2022 అక్టోబరులో టెలి మానస్ పెట్టాం. 14416కి ఫోన్ చేస్తే రాత్రీ పగలూ తెలుగులో కూడా మాట్లాడతారు. మంచి ఏర్పాటు. ఆ నంబరు నేను తిరిగిన ఏ క్యాన్సర్ వార్డు గోడమీదా చూడలేదు. ‘పొగ తాగరాదు’ ఉంది, ‘చెప్పులు బయట విడవండి’ ఉంది.

బీమా గురించి ఎక్కువ రాయను, రక్తపోటు పెరుగుతుంది. ఫ్రాన్సులో 2016లో ఒక చట్టం చేశారు: వైద్యం ముగిసి, తిరగబెట్టకుండా పదేళ్ళు గడిస్తే, ఇంటి అప్పుకు సంబంధించిన బీమాకు వెళ్ళినప్పుడు క్యాన్సర్ సంగతి చెప్పనక్కర్లేదు. 2022లో ఆ గడువుని ఐదేళ్ళకు తగ్గించారు. మన దగ్గర దరఖాస్తులో క్యాన్సర్ గడి దగ్గర టిక్కు పెట్టిన రోజే చాలాసార్లు వ్యవహారం ముగుస్తుంది. భలే తమాషా! ‘తగ్గిపోయిందిగా, ఇంకేం?’ అని మమ్మల్ని కసిరే లోకమే, పాలసీ అడిగితే ‘తిరగబెడుతుందేమో’ అని తలుపేస్తుంది. భయపడే హక్కు కంపెనీకుంది, నాకు లేదు.

ఇంగ్లీషు రానివాళ్ళ సంగతి చెప్తానన్నాను. ఓపీ వరసలో ఒకావిడ పరిచయమైంది. మిరపకోతలకు వెళ్ళే మనిషి. నాలాగే రొమ్ము తీసేశారు, నాలాగే మాత్ర. మనిషి గలగల మాట్లాడేది, నా టిఫిన్ డబ్బాలో సగం తనే తినేది. ఒక విడత రాలేదు, తరవాతి విడతా రాలేదు. వాళ్ళ ఊరివాళ్ళు తర్వాత చెప్పారు. మచ్చ పక్కన ఆమెకు చిన్న గట్టిముద్ద తగిలిందట. ఎవరితోనూ అనలేదు. ఆసుపత్రికి రాలేదు, ఎందుకంటే వస్తే చెప్తారు. తను పోయేలోపు బాధ్యత తీర్చుకోవాలని, డిగ్రీ రెండో ఏడు చదువుతున్న కూతుర్ని మాన్పించి, తాడూ బొంగరం లేని సంబంధమొకటి పట్టుకుని, మెడలోవి అమ్మి పెళ్ళి చేసేసింది. ఆ తర్వాత అల్లుడే బలవంతాన ఆసుపత్రికి తీసుకొచ్చాడు. సూది పెట్టి పరీక్ష చేశారు. ఆపరేషన్, రేడియేషన్ అయిన చోట కొవ్వు గట్టిపడి ముద్దకట్టిందట. ఉత్త కొవ్వు. అలా కావడం మామూలేనట.

మామూలే! ఆ మామూలు సంగతి ముందే ఎవరైనా ఆమె చెవినవేసి ఉంటే ఆ పిల్ల ఇవాళ డిగ్రీ చేతపట్టుకుని ఉండేది. ‘అక్కడ గట్టిగా తగిలితే చాలాసార్లు ప్రమాదం లేనిదే ఉంటుంది, కంగారుపడకుండా వచ్చి చూపించమ్మా’ అని ఎవరు చెప్పాలి? ఆమె రాని నెలల్లో ఆసుపత్రి కాగితాల్లో ‘ఫాలో అప్‌కు రాలేదు’ అని రాసుకుని ఫైలు పక్కన పెట్టారు. ఎందుకు రాలేదని ఒక్క ఫోను లేదు. ‘వీళ్ళకి ఎంత చెప్పినా ఇంతే, నిర్లక్ష్యం’ అని నా ఎదుటే అన్నదొక సిబ్బంది మనిషి. ఎవరిదమ్మా నిర్లక్ష్యం? ఎంత చెప్పారేమిటి? ఎప్పుడు చెప్పారు? ఆమె ముద్దని నిర్లక్ష్యం చేయలేదు. రాత్రింబవళ్ళు దాని గురించే ఆలోచించి, దానికి భయపడి, తన కూతురి బతుకు అడ్డుపెట్టింది. ఇంతమంది వైద్యులు, ఇన్ని పథకాలు, ఇన్ని గులాబీ రిబ్బన్లు ఉన్న రాష్ట్రంలో ఆ మనిషి తన భయం చెప్పుకోవడానికి ఒక్క చెవి దొరకలేదు.

నా తరవాతి తనిఖీకి నేనొక కాగితం రాసుకున్నాను, తెలుగులో, పెద్ద అక్షరాలతో. నాకు తిరగబెట్టే అవకాశం నూటికి ఎంత? ఏ నొప్పి ఎన్నాళ్ళుంటే రావాలి? మచ్చ దగ్గర ఏం తగిలితే ఏమనుకోవాలి? ఈ మాత్ర ఎప్పటిదాకా, ఆపితే ఏమవుతుంది? మా అమ్మాయి ఏ వయసునుంచి పరీక్ష చేయించుకోవాలి? భయం పట్టలేనిదైతే ఎవరికి ఫోన్ చేయాలి? జిరాక్సులు తీయించాను, వరసలో కూర్చున్న వాళ్ళందరికీ తలొకటి పంచుతాను. అన్నిటికీ జవాబు చెప్పేదాకా కుర్చీలోంచి లేవను. బయట అటెండరు తరవాతి పేరు పిలిస్తే పిలవనివ్వండి. ఆలస్యమైందని ఆ వచ్చినావిడ నన్ను తిట్టుకోదు, ఆమె చేతిలోనూ అదే కాగితం ఉంటుంది.